అర్ధజీవితకాలం అంటే మా ఆయుష్షు సగమైపోతుందా? – అణువిద్యుత్తు సదస్సులో నా పాట్లు

చాక్‌పీసు_మాస్టారు
శ్రీకాకుళం జిల్లాలో హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. మా తీరంలో అణువిద్యుత్తు ప్లాంటు పెడతామంటున్నారు కదా, అందుకని పోయిన ఆదివారం మా మండలంలో దాని మీద అవగాహన సదస్సు పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ముప్ఫై ఏళ్లు ఆ రంగంలోనే పనిచేసి రిటైరయ్యారట. విషయం బాగా తెలిసిన మనిషి, మర్యాదస్తుడు. కానీ స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అందుకని నన్ను పక్కన నిలబెట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పమన్నారు.

గంటసేపు ఎలాగో లాక్కొచ్చాను. సీజియం 137 అనే రేడియోధార్మిక పదార్థం దగ్గర దొరికిపోయాను. దాని హాఫ్ లైఫ్ 30 ఏళ్లు అన్నారాయన. నేను పుస్తకంలో ఉన్న మాటే వాడాను, 'అర్ధజీవితకాలం 30 సంవత్సరాలు' అని. ముందు వరసలో చేపల తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ లేచి, "అంటే ఏటి బాబూ, మా ఆయుస్సు సగానికి సగం పోద్దా?" అంది. వెనక వరసల్లో ఒకటే గోల. ఆవిడ అన్నది తప్పా? అర్ధ, జీవిత, కాలం. మూడు మాటలూ ఆవిడకి తెలిసినవే. కలిపితే వచ్చే అర్థం ఆవిడ చెప్పిందే.

అక్కణ్ణుంచి ఇంకేం చెప్పినా ఎవరూ వినలేదు. చివర్లో ఆయన అరటిపండు ఉదాహరణ చెప్పారు. అరటిపండులో పొటాషియం ఉంటుంది, అందులో కాస్త రేడియోధార్మికత ఉంటుంది, రోజూ తింటున్నాం కదా అని. మర్నాడు మా బడి ముందు తోపుడు బండి అతను నన్ను ఆపి, "మాస్టారూ, మీరు అలా చెప్పీసారంట, బేరాల్లేవు" అన్నాడు.

వచ్చే నెల ఇంకో ఊళ్లో సదస్సు ఉంది. ఈసారి నిపుణులు లేరు, నేనొక్కణ్ణే. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

కరెంటుబిల్లు
ముందు ఆ బండి దగ్గర రెండు డజన్లు కొనండి మాస్టారూ. నష్టపరిహారం.

పెల్లెట్_బాబాయ్
హైదరాబాదులో అణుఇంధనం తయారుచేసే చోట ముప్ఫై ఏళ్లు పైగా చేశాను, ఇప్పుడు మనవలతో కాలక్షేపం. మీరు చెప్పిన పెద్దాయన నేను కాదులెండి, కానీ నేనైనా అదే పని చేసేవాణ్ణి. మాకు అరటిపండు ఉదాహరణ ఎంత ఇష్టమో చెప్పలేను. వందసార్లు చెప్పి ఉంటాను.

హాఫ్ లైఫ్‌కి 'సగానికి తగ్గే కాలం' అని వాడి చూడండి. మామూలు మాట. "ఈ పదార్థం 30 ఏళ్లకి సగమవుతుంది, 60 ఏళ్లకి పావు మిగులుతుంది, 90 ఏళ్లకి పావులో సగం." జనం అప్పుల లెక్కలు వేయగలరు, ఇదీ వేయగలరు. అయోడిన్ 131 అయితే 8 రోజులకే సగమైపోతుంది, అందుకే ప్రమాదం జరిగిన మొదటి వారాల్లో పాల విషయంలో అంత జాగ్రత్త. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తే తేడా తెలుస్తుంది.

సగటుపాఠకుడు
పేపర్లలో 'రియాక్టర్ క్రిటికల్ దశకు చేరింది' అని రాస్తారు చూడండి, మా నాన్న అది చదివి "అయ్యో, ఇప్పుడెలా ఉందిట?" అన్నారు. ఐసీయూలో ఉందనుకున్నారు.

పెల్లెట్_బాబాయ్
@సగటుపాఠకుడు అది మాకు పండగరోజు! రియాక్టర్లో గొలుసు చర్య (ఒక పరమాణువు చీలితే మరోటి చీలడం) తనంత తాను నిలకడగా నడవడం మొదలైందని దానర్థం. స్వీట్లు పంచుకుంటాం.

సగటుపాఠకుడు
స్వీట్లు పంచుకున్నారని కూడా రాయండి బాబూ ఆ వార్తలో, మా నాన్నకి బీపీ ఉంది.

తెనాలి_తర్జుమా
అనువాదాలు నా వృత్తి కాబట్టి ఒక మాట. ఇంకో పెద్ద తిరకాసు 'శుద్ధి చేసిన యురేనియం'. పేపర్లలో ఎన్‌రిచ్‌డ్‌కి అదే వాడతారు. శుద్ధి అంటే మనకి మంచినీళ్లు, నెయ్యి, గర్భగుడి. ఇరాన్ యురేనియం శుద్ధి చేస్తోందని చదివినవాడికి అందులో గొడవేంటో అర్థం కాదు. శుభ్రం చేసుకుంటే తప్పేంటి పాపం! అసలు జరిగేది యురేనియంలో సులువుగా చీలే 235 రకం పాలు, అంటే వాటా, పెంచడం. ప్రకృతిలో అది 0.7 శాతమే ఉంటుంది. విదేశీ రకం రియాక్టర్లకి 3 నుంచి 5 శాతం దాకా పెంచుతారు. బాంబుకి 90 దాకా పోవాలి. 'పాలు పెంచిన యురేనియం' అంటే మళ్లీ ఆవుపాలు అనుకుంటారని భయం.

కరెంటుబిల్లు
వెన్న శాతం పెంచిన యురేనియం.

పెల్లెట్_బాబాయ్
నవ్వొచ్చినా ఉదాహరణ బాగుంది. మన దేశంలో ఎక్కువ ఉన్న భారజల (హెవీ వాటర్) రియాక్టర్లకి ఆ పెంచడం కూడా అక్కర్లేదు, 0.7 శాతంతోనే నడుస్తాయి. ఆ భారజలం మన మణుగూరు దగ్గరే తయారవుతుంది.

సందేహాలసుధ
మాటలు సరిచేసుకుంటే సరిపోతుందని మీరంతా తేల్చేసినట్టున్నారు. మాస్టారూ, ఆ చేపలావిడ ఇంకేమైనా అడిగిందా? అసలు అక్కడ జనం అడిగిన ప్రశ్నలేంటి? మీ పోస్టులో నిపుణుడు చెప్పింది ఉంది, మీరు చెప్పింది ఉంది. వాళ్లు అడిగింది ఒక్కటే ఉంది, అది కూడా నవ్వులాటగా.

చాక్‌పీసు_మాస్టారు
@సందేహాలసుధ నిజమే, ఒప్పుకుంటున్నాను. అడిగారు. గుర్తున్నవి రాస్తాను.

ప్లాంటు ముందు సముద్రంలో పడవ తిప్పనిస్తారా అని ఒకాయన. వేడినీళ్లు సముద్రంలోకి వదిలితే చేప లోతుకి పోదా అని ఆ ముసలావిడే. ప్రమాదం వస్తే చూసుకోవాల్సిన ప్రాంతమని ప్లాంటు చుట్టూ గీసే 16 కిలోమీటర్ల గీతకి మా ఊరు కాస్త అవతల ఉంది, మేం లెక్కలోకి వస్తామా రామా అని ఒక కుర్రాడు. ఉద్యోగాలు ఎవరికి అని నలుగురైదుగురు. రేడియేషన్ గురించి అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

పెద్దాయన అన్నింటికీ మిల్లీసీవర్టుల్లోనే, అంటే ఒంటికి సోకే రేడియేషన్ కొలతల్లోనే, జవాబు చెప్పారు. ఆయన తప్పు కాదు, ఆయన దగ్గర ఉన్న స్లైడ్లు అవి.

సందేహాలసుధ
అదీ సంగతి. బోరు ఎండిపోయిందని వెళ్తే బీపీ చూసి నార్మల్ అని పంపించినట్టు.

ఎక్స్‌రే_గది
సుధగారి పాయింటు కరెక్టే, కానీ రేడియేషన్ భయం కూడా చిన్నదేం కాదు. నేను విజయవాడలో ఎక్స్‌రే టెక్నీషియన్ని, 14 ఏళ్ల సర్వీసు. వారానికి ఒక్కరైనా అడుగుతారు, "ఇంటికెళ్లి తలస్నానం చెయ్యాలా?" అని. ఒకావిడ మనవడికి ఎక్స్‌రే తీశాక వాణ్ణి ఎత్తుకోలేదు, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

నేను చెప్పేది ఒకటే. ఎండలో నిలబడటం వేరు, హోలీ రంగు ఒంటికి అంటడం వేరు. ఎండలోంచి నీడలోకి వచ్చేస్తే అయిపోయింది, మీరు ఎండని వెంట తీసుకురారు. ఎక్స్‌రే అంతే. మిషను ఆపితే ఏమీ మిగలదు. అణుప్రమాదంలో భయపడాల్సింది ఆ రెండోదానికి, రంగు అంటుకునే రకానికి. ధూళి రూపంలో వచ్చి బట్టకి, గడ్డికి, ఆ గడ్డి మేసిన గేదె పాలకి పట్టుకుంటుంది. అప్పుడు స్నానం నిజంగానే పనిచేస్తుంది. ఈ రెండూ విడదీసి చెప్పకుండా అంకెలు చెప్తే అంతా గందరగోళమే.

కోటు జేబుకి టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం. మూడు నెలలకోసారి పంపిస్తే ఎంత సోకిందో లెక్క వస్తుంది. చూడ్డానికి పాతకాలం బస్ పాస్ కవరులా ఉంటుంది, లోపల చిన్న బిళ్లలు మూడు. పేషెంటు మరీ కంగారు పడితే ఆ బ్యాడ్జి చూపిస్తాను. "నేను రోజంతా ఇక్కడే ఉంటానమ్మా, నా లెక్క ఇందులో రాస్తుంది" అంటాను. నా మాట కంటే ఆ ప్లాస్టిక్ ముక్కనే ఎక్కువ నమ్ముతారు.

చాక్‌పీసు_మాస్టారు
హోలీ రంగు వాడేసుకుంటున్నాను. మా వైపు హోలీ తక్కువ, పెళ్లి వసంతాలు అంటాను.

నల్లమల_నరేశ్
మాది అమ్రాబాద్ దగ్గర. 2019ల మా దగ్గర గిట్లనే జరిగింది. పెద్దపులుల అడవిల 83 చదరపు కిలోమీటర్లల యురేనియం కోసం సర్వే చేస్తమన్నరు. "ఇది తవ్వకం కాదు, సర్వేనే, బోర్లు వేసి చూసి పోతం" అని చెప్పిన్రు. సైన్సు ప్రకారం ఆ మాట నిజమే, సర్వే వేరు, గని వేరు. కానీ మా ఊళ్లె ఒక చెంచు పెద్దమనిషి అడిగిండు, "దొరికితే ఏం చేస్తరు, చూసి మళ్ల మూసిపెట్టి పోతరా?" అని. దానికి జవాబు చెప్పెటోళ్లు ఎవరూ లేకుండిరి. చివరికి సెప్టెంబర్‌ల అసెంబ్లీ తీర్మానం చేసింది, తవ్వకాలు వద్దని.

మాకు సైన్సు తెలవక వద్దన్నమని హైదరాబాదుల కొందరు రాసిన్రు. సైన్సు కాదు, తర్వాత ఏమైతదో తెలిసే వద్దన్నం.

రాయల_సీమన్న
తుమ్మలపల్లె సంగతి కూడా చెప్పాల. వేముల మండలంలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. టెయిలింగ్ పాండ్ (వ్యర్థాల చెరువు) చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయినాయని ఏళ్లుగా అంటున్నారు, సంస్థ కాదంటోంది. ఎవరి రిపోర్టు వాళ్లకుంది. ఒక మామూలు రైతు ఏ రిపోర్టు నమ్మాల? నీళ్లలో సోడియం, ఉప్పు పెరగడం ఒక సమస్య, రేడియోధార్మికత ఇంకో సమస్య. 'రేడియేషన్ లేదు' అని ఒక నిపుణుడు అంటే ఆయన నిజమే చెప్తుండొచ్చు, ఆ నీళ్లకి చీనీ (బత్తాయి) చెట్టు చచ్చిపోవడమూ నిజమే కావచ్చు.

సందేహాలసుధ
@రాయల_సీమన్న ఇదే నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది.

పెల్లెట్_బాబాయ్
కాస్త మా వైపు నుంచి కూడా వినండి. మేం ఏం చెప్పినా "మీ జీతం అక్కణ్ణుంచే కదా" అంటారు. సరే, అదీ నిజమే. కానీ సగం మంది భయపడేది బాంబులా పేలుతుందని. పేలదు. 0.7 శాతమో 4 శాతమో ఉన్న ఇంధనంతో బాంబు తయారవదు, అది ప్రకృతి నియమం, నా జీతంతో సంబంధం లేదు.

కొత్త ఇంధనపు కట్ట, మేం బండిల్ అంటాం, అరమీటరు పొడవు, 19 గొట్టాలు, 16 కిలోల పైచిలుకు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాను, గ్లౌజులతో. 220 మెగావాట్ల రియాక్టర్లో అలాంటివి 3672 పడతాయి. అదే కట్ట రియాక్టర్లో ఏడాది పైన కాలి బయటికొస్తే దాని దగ్గరికి మనిషి వెళ్లకూడదు. నీళ్ల తొట్టిలో అడుగునుంచాలి. కొత్తది, వాడినది, ఈ తేడా నేను మా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి పదేళ్లు పట్టింది. కొత్తది ముడిబియ్యం, వాడినది పొయ్యి మీంచి దించిన గంజి అన్నాను చివరికి. "మరి ఆ గంజి ఎప్పటికి చల్లారుతుంది?" అంది. ఆ ప్రశ్నకి జవాబు చాలా పొడవు.

సందేహాలసుధ
మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

టోక్యో_తమ్ముడు
ఆ గంజి ప్రశ్నే ఇక్కడ జపాన్‌లో జరిగిన ఫుకుషిమా అణుప్రమాదం. 2011 మార్చి 11న భూకంపం రాగానే రియాక్టర్లు సరిగ్గానే ఆగిపోయాయి. గొలుసు చర్య ఆగినా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, ఆపిన క్షణంలో అసలు వేడిలో 6, 7 శాతం దాకా. దాన్ని చల్లార్చే పంపులకి కరెంటు కావాలి. బయటి కరెంటు భూకంపానికి పోయింది, డీజిల్ జనరేటర్లు సునామీ నీళ్లలో మునిగిపోయాయి. అంతే కథ. తప్పు చోట పెట్టిన జనరేటర్ల వల్ల లక్షన్నర మంది ఇళ్లు వదిలారు.

నిపుణుల విషయానికొస్తే, ఇక్కడ మూడు రకాలూ చూశాం. ఒక పేరున్న వైద్య నిపుణుడు మొదటి వారాల్లో ఊరడించబోయి, నవ్వుతూ ఉండేవాళ్లకి రేడియేషన్ ప్రభావం రాదు అన్నట్టు మాట్లాడి ఏళ్ల తరబడి తిట్లు తిన్నాడు. ఇంకొకాయన, కొసాకో అని టోక్యో యూనివర్సిటీ ప్రొఫెసరు, ప్రభుత్వ సలహాదారు. బడి పిల్లలకి ఏడాదికి 20 మిల్లీసీవర్టుల పరిమితి పెట్టడం ఒప్పుకోలేనని 2011 ఏప్రిల్ చివర్లో టీవీ కెమెరాల ముందు ఏడుస్తూ రాజీనామా చేశాడు. మూడో ఆయన హయానో, ఆయన అణుప్రమాదాల మనిషి కూడా కాదు, భౌతిక శాస్త్రవేత్త. ట్విట్టర్లో రోజూ కొలతల గ్రాఫులు పెట్టాడు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం కొలవాలన్నాడు. చంటిపిల్లల ఒంట్లో సీజియం ఉందేమో చూసే ప్రత్యేక యంత్రం తయారుచేయించాడు. నిజానికి పెద్దవాళ్ల యంత్రంతోనే అంచనా వేయొచ్చు, కానీ తల్లులకి కావలసింది తన పిల్లాడి అంకె.

చాక్‌పీసు_మాస్టారు
ఇది బాగుంది. ఈ హయానోగారి కథ సదస్సులో చెప్తాను.

టోక్యో_తమ్ముడు
చెప్పండి, కానీ రెండో సగం కూడా చెప్పండి. ఒక ఊరి జనం మెడలో వేసుకున్న డోసు మీటర్ల లెక్కలతో ఆయన రాసిన రెండు పేపర్లని 2020లో పత్రిక వెనక్కి తీసుకుంది. ఆ జనంలో అందరూ తమ వివరాలు పరిశోధనకి వాడుకోమని ఒప్పుకోలేదని తేలింది. అంత మంచిపేరున్న మనిషి మీద కూడా అనుమానం వచ్చింది.

పెల్లెట్_బాబాయ్
రెండో సగం చెప్తే మొదటి సగం ఎవరు నమ్ముతారు?

టోక్యో_తమ్ముడు
@పెల్లెట్_బాబాయ్ చెప్పకపోతే ఫోన్లో వాళ్లే వెతుక్కుంటారు బాబాయ్. అప్పుడు రెండూ పోతాయి.

చెన్నపట్నం_చిన్నోడు
తమిళనాడులో కూడంకుళం అణువిద్యుత్తు ప్లాంటు సంగతి మర్చిపోయారా అందరూ? ఫుకుషిమా తర్వాత అక్కడ ఉద్యమం పెద్దదైంది. కేంద్రం 15 మంది నిపుణుల బృందాన్ని వేసింది. 2011 నవంబర్లో కలాంగారే స్వయంగా వచ్చారు. ఆ ఊళ్లకి ఆయన కంటే దగ్గరి నిపుణుడు ఎవరుంటారు? రామేశ్వరం మనిషి, తమిళం, సముద్రపు ఒడ్డున పెరిగినవాడు, పడవలు తెలిసిన కుటుంబం. ప్లాంటు చూసి భద్రంగా ఉందన్నారు, చుట్టుపక్కల ఊళ్లకి రోడ్లు, ఆసుపత్రులు, ఇళ్లతో పది అంశాల పథకం కూడా సూచించారు. కానీ జనం దీక్షల్లో కూర్చున్న ఇడిందకరై ఊళ్లోకి వెళ్లలేదు. అక్కడివాళ్లకి గుర్తున్నది ఆ పది అంశాలు కాదు, రాకపోవడం. తర్వాత 2013 మేలో సుప్రీంకోర్టు ప్లాంటుకి అనుకూలంగా తీర్పిచ్చింది, రియాక్టరూ మొదలైంది. అది కోర్టు కథ. నమ్మకం కథ వేరు.

గుంటూరు_మిర్చి
కలాంగారి మీద ఇలా మాట్లాడటం బాలేదు. ఆయన మాటే నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతారు ఆ జనం? అంతా విదేశీ డబ్బుతో నడిచే

వేదిక_కాపలా
@గుంటూరు_మిర్చి మిగతా భాగం తీసేశాను. ఆధారం ఉంటే పెట్టండి, పార్టీల గొడవ వేరే చోట.

చెన్నపట్నం_చిన్నోడు
ఆయన్ని నేనేమీ అనలేదండీ. కలాం అంతటి మనిషి చెప్పినా పని జరగలేదంటే, లోపం చెప్పే మనిషిలో కాదు, చెప్పే తీరులో అని నా పాయింటు.

అట్లాంటా_సుబ్బు
కొవ్వాడ సంగతి ఎవరూ ఎత్తలేదే? మాస్టారి జిల్లానే కదా. రణస్థలం మండలం, 1208 మెగావాట్లవి 6 యూనిట్లు అంటున్నారు, అమెరికా డిజైను ఏపీ1000. ముందు గుజరాత్‌లోని మిఠివిర్దిలో అనుకున్నది అక్కడి నుంచి ఇటు వచ్చింది. ఆ డిజైనువి రెండు మా జార్జియాలోనే కట్టారు, వోగ్టిల్ దగ్గర. 3వ యూనిట్ 2023 జులైలో, 4వది 2024 ఏప్రిల్లో మొదలయ్యాయి. ఏడేళ్లు ఆలస్యం. 14 బిలియన్ డాలర్లు అనుకున్నది 30 బిలియన్లు దాటింది. మధ్యలో 2017లో డిజైను కంపెనీ దివాలా పిటిషన్ కూడా వేసింది.

డిజైను మంచిదే అంటారు. కరెంటు పోయినా పైన ఉన్న తొట్టిలోంచి నీళ్లు తమంత తాము దిగి 72 గంటలు చల్లారుస్తాయి, ఫుకుషిమా జనరేటర్ల బాధ ఉండదు. నాకు రేడియేషన్ భయం అస్సలు లేదు. నా భయం ప్రతి నెలా కరెంటు బిల్లు రూపంలో వస్తుంది.

కరెంటుబిల్లు
నన్ను పిలిచారా?

సగటుపాఠకుడు
😂😂

కొండకర్ల_కొంగ
బొగ్గు గురించి ఎవరూ మాట్లాడరేం? మా అనకాపల్లి వైపు బూడిద సంగతి అడగండి. దేశంలో కరెంటులో అణువిద్యుత్తు 3 శాతం చుట్టూ, మిగతా ముప్పాతిక దాకా బొగ్గు. బొగ్గు పొగతో జనం చచ్చిపోవడం ఎప్పుడూ హెడ్‌లైన్ కాదు. యూనిట్‌కి ఇంతమంది అని లెక్కేస్తే అణువిద్యుత్తు కంటే బొగ్గు ఎన్నో రెట్లు ఎక్కువ చంపుతోంది.

నల్లమల_నరేశ్
@కొండకర్ల_కొంగ లెక్క కరెక్టే అన్నా. కానీ "పక్కోడి ఇల్లు ఎక్కువ కాలింది" అంటే నా ఇల్లు కాలబెట్టనిస్తనా?

కొండకర్ల_కొంగ
నేను కాలబెట్టమనలేదు. కానీ ఏదో ఒక ఇంటి పక్కన పొయ్యి ఉండక తప్పదు కదా, ఇప్పుడు మా ఇంటి పక్కన ఉంది.

నల్లమల_నరేశ్
అది ఒప్పుకుంట.

భీమిలి_బీచ్
ఒక సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. మన భీమిలి నుంచి భావనపాడు దాకా తీరం ఇసకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువ మన రాష్ట్రంలోనే. అంటే ఏ ప్లాంటూ రాకముందే మన సముద్రపు ఇసకలో కాస్త రేడియోధార్మికత ఉంది. కేరళలో కరునాగపల్లిలో ఇంకా ఎక్కువ. అక్కడ దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి, కాన్సర్ ఎక్కువేమీ కనపడలేదని 2009లో పేపరు రాశారు.

ఎక్స్‌రే_గది
ఆ అధ్యయనం మంచిదే, కానీ దాన్ని పట్టుకుని 'తక్కువ డోసు ఏమీ చెయ్యదు' అని తేల్చెయ్యలేం. మాకు ట్రైనింగులో చెప్పింది ఇది: అవసరం లేని చోట తక్కువైనా వద్దు. మనిషికి ప్రకృతి నుంచే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లోపే. ఛాతీ సీటీ స్కాన్ 6, 7 దాకా పోతుంది. ప్లాంటు వల్ల జనానికి పైన ఇంకొక 1 దాటకూడదు. మాస్టారూ, ఈ నాలుగు అంకెలు చాలు మీకు, బోర్డు మీద రాసి వదిలెయ్యండి.

భీమిలి_బీచ్
నేను చెప్పిందీ తేల్చెయ్యడం కాదు. కొలిచి చూపించొచ్చు అని. మీటరు తీసుకెళ్లి వాళ్ల ఊరి ఇసక మీదే పెట్టండి.

పెల్లెట్_బాబాయ్
ఇది మంచి ఆలోచన! నా దగ్గర రేడియేషన్ కొలిచే చిన్న మీటరు, గీగర్ కౌంటర్, ఉంది, మనవడి సైన్సు ఎగ్జిబిషన్‌కి కొన్నాను. మాస్టారూ, అడ్రసు మెసేజ్ చెయ్యండి, కొరియర్ చేస్తాను. ఇసక మీద, గ్రానైటు అరుగు మీద పెట్టి చూపించండి. పాత పెట్రోమాక్స్ లైటు మేంటిల్ దొరికితే దాని దగ్గర పెట్టండి, టిక్కుటిక్కుమని గోల పెడుతుంది, అందులో థోరియం ఉంటుంది. మన పెళ్లి ఊరేగింపులన్నీ ఆ వెలుగులోనే జరిగాయి.

ఒక్క మాట. మీటరు మీరు పట్టుకోకండి. వాళ్ల చేతికివ్వండి.

సందేహాలసుధ
బాబాయ్, మీరు మారుతున్నారు.

పెల్లెట్_బాబాయ్
మీటరు నాలుగు వేలమ్మా, మారక చస్తానా. జాగ్రత్తగా తిరిగి పంపమనండి.

టోక్యో_తమ్ముడు
ఇక్కడ సేఫ్‌కాస్ట్ అని 2011లో మొదలైంది. మామూలు జనం కార్లకి మీటర్లు కట్టి వీధివీధీ తిరిగి మ్యాపులో పెట్టారు, ఎవరైనా చూసుకోవచ్చు. ప్రభుత్వం లెక్కలతో చాలా చోట్ల కలిశాయి. కలిశాకే ప్రభుత్వం లెక్కని నమ్మారు.

చాక్‌పీసు_మాస్టారు
నెల తర్వాత మళ్లీ వచ్చాను. అయిపోయింది నిన్న.

స్లైడ్లు పెట్టలేదు. ముందే ఒక నోటుబుక్కు తిప్పి, అడగాలనుకున్నవి రాయమన్నాను, రాయలేనివాళ్లకి మా తొమ్మిదో తరగతి పిల్లలు రాసిపెట్టారు. 31 ప్రశ్నలొచ్చాయి. రేడియేషన్ మీద 7. మిగతావి చేప, భూమి, ఉద్యోగం, రోడ్డు, తుపాను వస్తే ఏ దారిన పోవాలి. తుపాను ప్రశ్న ఒకటే నాలుగుసార్లు వచ్చింది. హుద్‌హుద్, తిత్లీ చూసిన జనం మరి.

రేడియేషన్‌వి నేను చెప్పాను, వసంతాల ఉదాహరణ బ్రహ్మాండంగా పనిచేసింది. మీటరు ఒక కుర్రాడి చేతికిచ్చాను. గుడి అరుగు మీద పెట్టాడు, ఇసక మీద పెట్టాడు, వాళ్ల నాన్న తల మీద కూడా పెట్టాడు. మేంటిల్ దొరకలేదు, ఇప్పుడంతా ఎల్‌ఈడీలే. ఇసక దగ్గర కాస్త ఎక్కువ కొట్టుకుంది. ఒకాయన వెంటనే "అయితే ఇక్కడ పడుకోవడం మానెయ్యాలా?" అన్నాడు. అక్కర్లేదు అన్నాను, నమ్మాడో లేదో.

మిగతా 24 ప్రశ్నలకి నాకు తెలీదు అన్నాను. ఎవరికి తెలుసో ఆ పేరు ప్రతి ప్రశ్న పక్కన రాయించాను. ఫలానా ఆఫీసు, ఫలానా శాఖ. రెండు ప్రశ్నల పక్కన ఏ పేరు రాయాలో ఎవరికీ తోచలేదు. ఒకటి పడవల సంగతి. రెండోది ఆ చేపలావిడది. ఈసారి వేరే ఊరైనా తట్టతో సహా వచ్చి కూర్చుంది: "చేప బాగానే ఉంటది బాబూ, సరే. మరి కొనీవోడికి ఎవులు సెప్తారు?"

రాయల_సీమన్న
అబ్బా. ఆయమ్మ ప్రశ్న మా చీనీకాయల ప్రశ్నే. కాయ బాగున్నా ఫలానా ఊరి కాయ అంటే రేటు తగ్గిస్తారు.

టోక్యో_తమ్ముడు
ఫుకుషిమా చేపలవాళ్లూ ఇదే అడిగారు. 2023 ఆగస్టులో ఆ ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లు సముద్రంలోకి వదలడం మొదలుపెట్టినప్పుడు, వాటిలో మిగిలే రేడియోధార్మిక పదార్థం ట్రిటియం లెక్కలన్నీ చూపించారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా సరే అంది. చైనా మర్నాడు కాదు, అదే రోజు జపాన్ చేపలు కొనడం ఆపేసింది. ఇక్కడ దానికి ఒక మాటే ఉంది, పుకార్ల వల్ల వచ్చే నష్టం అని. దానికోసం విడిగా నిధి పెట్టారు.

చాక్‌పీసు_మాస్టారు
నిధి పెట్టారా? ఆ వివరాలు కాస్త పంపగలరా, నోటుబుక్కులో ఆ ప్రశ్న పక్కన రాస్తాను.

టోక్యో_తమ్ముడు
రాత్రికి తెలుగులో రాసి పెడతాను. 'అర్ధజీవితకాలం' లాంటి మాటలు లేకుండా.

పెల్లెట్_బాబాయ్
మీటరు అందలేదు ఇంకా.

చాక్‌పీసు_మాస్టారు
ఆ కుర్రాడి దగ్గరుంది బాబాయ్. పక్క ఊరు కూడా కొలిచొస్తానన్నాడు. ఆదివారం దాకా ఓపిక పట్టండి.